వాడు అడిగితే చెప్పేస్తాను

విజయరాణి ప్రార్థన చేస్తే రాతిగుండె అయినా కరుగుతుందని ఆగిరిపల్లి చుట్టుపక్కల పేరు. పేరు ఊరికే రాలేదు. ఆమె సంఘంలో బైబిల్ ఉమెన్. ఆదివారం గుడిలో ప్రసంగం చేసేది పాస్టరుగారు. మిగతా వారమంతా ఇంటింటికీ తిరిగి జ్వరం వచ్చినవాళ్ళ నుదుటి మీద చెయ్యేసి, మొగుడితో తగువుపడ్డదాన్ని కూర్చోబెట్టి నచ్చజెప్పి, చావు జరిగిన ఇంట్లో పిల్లల నోట్లో ఇంత ముద్ద పెట్టి వచ్చేది మాత్రం ఈవిడ. చేతిలో గొడుగు, సంచీలో బీపీ మాత్రలు. మామిడి కోతలప్పుడైతే తోటల్లోకే వెళ్ళి, చెట్ల కింద కాయలు ఏరే ఆడవాళ్ళ మధ్య చతికిలబడేది. హిందువుల ఇళ్ళలో కూడా, "మేడమ్‌గారూ, మా పిల్లకి పరీక్షలండీ, మీ దేవుడికి ఓ మాట చెప్పరూ" అని అడిగేవాళ్ళు. చెప్పేది.

ప్రార్థన మొదలుపెట్టిందంటే కళ్ళు గట్టిగా మూసుకోవడం ఆమెకి అలవాటు. వాళ్ళందరికీ అలవాటే అనుకోండి, కానీ ఈవిడ మరీను. పక్కన పిడుగు పడ్డా ఆమెన్ అనేదాకా రెప్ప ఎత్తదు. ఒకసారి రామచంద్రరావుగారి తోటలో ప్రార్థన చేస్తుంటే కోతి వచ్చి సంచీలో అరటిపళ్ళన్నీ ఎత్తుకుపోయింది. అందరూ నవ్వుతుంటే, "పోనీలెండి, దానికీ ఆకలేగా" అంది. అదీ మనిషి. ఇలాంటివాళ్ళని మోసం చెయ్యడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. గుండె లేకపోతే చాలు.

భర్త సవరయ్య ఆర్టీసీలో కండక్టరు. మంచివాడు, మాట తక్కువ. పిల్లలు పుట్టలేదు. విజయరాణి చెల్లెలు షీబా డెంగీతో పోయి, చెల్లెలి మొగుడు ఇంకో పెళ్ళి చేసుకుని ముఖం చాటేస్తే, వాళ్ళ కొడుకు స్టీఫెన్‌ని వీళ్ళు తెచ్చుకున్నారు. వాడికింకా పాలపళ్ళు ఊడలేదు. పెద్దమ్మా పెద్దమ్మా అని కొంగు పట్టుకు తిరిగేవాడు. ముద్దొచ్చే పిల్లాడు, మాటకారి, గొంతు తేనె. క్రిస్మస్‌కి వాడు పాట ఎత్తుకుంటే ముసలివాళ్ళు కళ్ళొత్తుకునేవాళ్ళు. పిల్లలు లేని ఇంటికి దేవుడు పంపాడనుకుంది విజయరాణి. ఎవరైనా అలాగే అనుకుంటారు.

చిన్నప్పుడు ఒకటి జరిగింది. వీధి కుక్క ఈనిన పిల్లల్లో ఒకదాన్ని ఖాళీ రేకు డబ్బాలో పెట్టి, మూత బిగించి, వాడు దాని మీద కూర్చున్నాడు. ఈవిడ వచ్చి మూత తీసేసరికి ఇంకేముంది, అది చచ్చిపోయింది. "ఎందుకురా ఇంత పని చేశావు?" అంటే, "ఎంతసేపు అరుస్తుందో చూద్దామని" అన్నాడు. గొంతులో బెరుకు లేదు. విజయరాణి అక్కడే కూలబడి ఏడ్చింది. వాడు ఆమె ముఖంలోకి వంగి వంగి చూశాడు. కాసేపు చూసి, వాడూ ఏడవడం మొదలుపెట్టాడు. ఇక ఆవిడ ఆగుతుందా? వాణ్ణి ఒళ్ళోకి లాక్కుని, తప్పు తెలుసుకున్నాడు నా తండ్రి అని, తల మీద చెయ్యేసి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. ప్రార్థన అయ్యేసరికి వాడు నిక్షేపంగా ఉన్నాడు. జంతికలు అడిగితే పెట్టింది.

తర్వాత కూడా చిన్నవీ పెద్దవీ చాలా జరిగాయి. స్కూల్లో ఒక పిల్లాడి చెయ్యి విరిగింది. సంఘం కానుకల పెట్టె తాళం పోయింది. సవరయ్య ఒక్కడే, "రాణీ, వీడు ఏడ్చేది మనం చూస్తున్నప్పుడేనే" అన్నాడు ఒకసారి. ఆవిడ రెండ్రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన పోయాక ఆ మాట అనేవాళ్ళు కూడా లేకపోయారు.

స్టీఫెన్ పెద్దవాడయ్యాడు. ఉంగుటూరు పిల్ల గ్లోరీని చేసుకున్నాడు. కూతురు దీవెన పుట్టింది. రెడ్డిగూడెం దారిలో రామచంద్రరావుగారి తోటలో పని చూసేవాడు. కోతకి మనుషుల్ని పెట్టడం, లారీలకి లోడు ఎత్తించడం, పళ్ళ వ్యాపారులతో మాట్లాడటం. అందరికీ వాడంటే ఇష్టం. కూలీవాళ్ళ పిల్లల పేర్లన్నీ గుర్తుపెట్టుకుని అడిగేవాడు. తోటలో పున్నమ్మ అని ఒకావిడ కావలి ఉండేది. మొగుడు పోయాడు, కూతురు యోగిత నూజివీడులో బట్టల షాపులో పనిచేస్తోంది. పున్నమ్మ నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. తను వండుకున్న పప్పుచారులో స్టీఫెన్‌కి వాటా తీసి పెట్టేది.

మొన్న కోతల్లో తోటలో రసాలు మాయమవుతున్నాయని గొడవ. ఎవర్ని అడిగినా మాకు తెలియదండీ అనేవాళ్ళే. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలూ మాయం. ఆ గొడవ నడుస్తుండగానే ఒక ఉదయం పున్నమ్మ బోరు పక్కన నీళ్ళతొట్టిలో శవమై తేలింది. కాలు జారిందన్నారు. బీపీ మనిషి, కళ్ళు తిరిగి ఉంటాయన్నారు. చెవుల దిద్దులు లేకపోతే తొట్టిలో ఎక్కడో పడిపోయి ఉంటాయన్నారు.

పాడె మోసినవాళ్ళలో స్టీఫెన్ ఒకడు. పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర వడ్డన వాడే. "ఇంకో గారె వేసుకోండి, పున్నమ్మగారుంటే ఊరుకునేదా" అని కొసరి కొసరి పెట్టాడు. యోగిత చేతులు పట్టుకుని, "నీకు అన్నయ్యని నేనున్నాను" అని వాడు భోరున ఏడిస్తే, రామచంద్రరావుగారంతటి మనిషి ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకున్నారు. పక్కన నిలబడ్డ విజయరాణికి గుండె పొంగింది. నా పెంపకం, అనుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి దీవెన పుట్టినరోజు. ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నారు. దిక్కులేనిదై పోయింది పాపం అని విజయరాణే యోగితని భోజనానికి పిలిచింది. స్టీఫెన్ కూతురికి బంగారు దిద్దులు తెచ్చాడు. రాళ్ళ దిద్దులు. విజయరాణే వాటిని పిల్ల చెవులకి పెట్టి, ముద్దుపెట్టుకుని, దీవించింది. బిర్యానీ విస్తర్లు వేస్తున్నారు. యోగిత పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఎడమ చెవి దిద్దుకి ఒక రాయి లేదు. రాయి ఊడిన చోట మైనం అద్ది ఉంది. యోగిత ఆ మైనాన్ని గోటితో ముట్టుకుంది. తల్లి దిద్దుకి తను అద్దిన మైనమే అది.

అరవలేదా పిల్ల. విస్తరి ముందు నుంచి లేచి, కడుపునొప్పి అని చెప్పి, బయటికి వెళ్ళి పోలీసులకి ఫోన్ చేసింది.

పోలీసులు వచ్చేసరికి స్టీఫెన్ పెరుగు కలుపుకుంటున్నాడు. స్టేషన్లో కొట్టే అవసరమే రాలేదట. అడిగిందానికి అడిగినట్టు చెప్పాడు. లోడు పక్కదారి పట్టించడం పున్నమ్మ చూసింది, అయ్యగారికి చెబుతానంది. "చెప్పొద్దన్నానండీ. వినలేదు." తొట్టి గట్టు మీద కూర్చుని కాళ్ళు కడుక్కుంటుంటే తోసి, పైకి లేవకుండా పట్టుకున్నాడు. తర్వాత ఏం చేశావని అడిగాడు ఎస్సై. "ఆకలేసిందండీ. ఊళ్ళోకెళ్ళి పెసరట్టు తిన్నాను." పాప చెవులకి ఆ దిద్దులు ఎలా పెట్టబుద్ధేసిందిరా అంటే, వాడు నిజంగానే ఆశ్చర్యపోయాడట. బంగారమే కదండీ, అన్నాడట.

పాస్టరు చార్లెస్‌గారు ఇంటికొచ్చి ఇదంతా చెబుతుంటే విజయరాణికి మొదట ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి పెరట్లోకి వెళ్ళింది. దీవించిన చేతుల్ని సబ్బుతో కడుక్కుంది, మళ్ళీ కడుక్కుంది. గ్లోరీ గోడకి జారబడి కూర్చుని, "అత్తయ్యా, ఆ రోజు నా పక్కనే కూర్చుని పాపకి హోంవర్క్ చేయించాడు. ఆ రోజేనండీ. ఏ తేడా లేదు" అంటూనే ఉంది. ఏ తేడా లేదు అన్నదే ఆ పిల్లని తినేస్తోంది.

నెలలు గడిచాయి. జైలు నుంచి స్టీఫెన్ కబుర్లు పంపడం మొదలుపెట్టాడు. మారుమనస్సు పొందానన్నాడు. తోటి ఖైదీలకి పాటలు నేర్పుతున్నానన్నాడు. లాయరు బెయిలు వస్తుందంటున్నాడు. సంఘ పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. పశ్చాత్తాపపడ్డవాణ్ణి మనం తోసేస్తే మనమేం క్రైస్తవులం అన్నారు. బెయిలు మీద వచ్చాక భార్యాబిడ్డలు తోడుంటే నిలదొక్కుకుంటాడన్నారు. అనడానికేం, వాళ్ళింట్లో పిల్లలు కాదుగా.

గ్లోరీ ఎటూ తేల్చుకోలేకపోయింది. ఒకరోజు బియ్యం ఏరుతూ తలెత్తకుండా అంది: "అత్తయ్యా, పెద్దలు చెప్పింది నాకక్కర్లేదు. మీరు వెళ్ళి చూసి రండి. మారాడు అని మీరంటే పాపని తీసుకుని ఆయనతోనే ఉంటాను. లేదంటే లేదు. మీ మాటే నా మాట."

అంత బరువు నెత్తిన పడేసరికి విజయరాణికి నిద్ర కరువైంది, అన్నం సయించలేదు. గ్లోరీయే బలవంతం చేసి నూజివీడులో మానసిక వైద్యురాలు వైష్ణవిగారి దగ్గరికి తీసుకెళ్ళింది. చిన్నావిడే. తొందరపెట్టకుండా అంతా వింది. కుక్కపిల్ల దగ్గర్నుంచి దిద్దుల దాకా.

"వాడికి పిచ్చా అమ్మా?"

"కాదండీ. పిచ్చి అయితే లోకం వేరేగా కనబడుతుంది. అతనికి అన్నీ ఉన్నట్టే కనబడుతున్నాయి. ఏది తప్పో తెలుసు. తెలుసు గానీ తగలదు." ఆవిడ కలం పక్కన పెట్టి, "నేను అతన్ని చూడలేదు కాబట్టి ఇదీ అని పేరు పెట్టలేను. మీరు చెప్పేదాన్ని బట్టి మాత్రం సైకోపతీ అనేదానికి దగ్గరగా ఉంది. ఎదుటివాళ్ళకి దెబ్బ తగిలితే మనకి లోపల ఎక్కడో కలుక్కుమంటుంది చూడండి, వీళ్ళకి అది ఉండదు. భయం కూడా తక్కువే. మన ముఖాలు చూసి ఏడుపు ఎప్పుడు రావాలో, నవ్వు ఎప్పుడు రావాలో నేర్చుకుంటారు. బాగా నేర్చుకుంటారు" అంది.

"అయితే ఇలాంటివాళ్ళంతా హంతకులేనా?"

"కాదండీ. చాలామంది ఏ హత్యా చెయ్యరు. మర్యాదగా ఉద్యోగాలు చేసుకుంటూ, పక్కవాళ్ళని పీల్చి పిప్పి చేస్తూ బతికేస్తారు. అలాగే హత్య చేసినవాళ్ళంతా ఇలాంటివాళ్ళూ కాదు. కోపంలోనో తాగిన మత్తులోనో చేసేసి, జీవితాంతం కుమిలి చచ్చేవాళ్ళే ఎక్కువ. కాకపోతే ఇలాంటి మనిషి దారికి ఎవరైనా అడ్డొచ్చారనుకోండి, లోపల్నుంచి వద్దు అనేది ఏదీ ఉండదు. మనల్ని ఆపేది పోలీసులనుకుంటాం గానీ, కాదండీ, ఆ కలుక్కుమనడమే."

"నా పెంపకంలో లోపమేనా, అమ్మా?" ఈ మాట అడగడానికి విజయరాణికి చాలాసేపు పట్టింది.

"కొంత పుట్టుకతో వస్తుంది, కొంత పెరిగిన తీరులో. తల్లి పోయింది, తండ్రి వదిలేశాడు, అవన్నీ ఉంటాయి. మీ ఒక్కరి చేతిలో ఉన్నది కాదు. ప్రేమ తక్కువై ఇలా అయ్యాడని మాత్రం అనుకోకండి."

"ప్రార్థనతో మారడా?"

"ప్రార్థన చెయ్యొద్దని నేను చెప్పనండీ. చేస్తూనే తలుపు గడియ వేసుకోండి" అంది డాక్టరు.

విజయరాణికి ఆ మాట నచ్చలేదు. చదువుకున్నవాళ్ళకి దేవుడి మీద నమ్మకం ఉండదులే అని బస్సులో సణిగింది. మారనివాడంటూ లేడని ఊరూరా చెప్పిన మనిషి, తను పెంచిన బిడ్డ దగ్గరికొచ్చేసరికి మాట మారుస్తుందా? మరుసటి వారం ఒంటరిగా జైలుకి బయల్దేరింది, అరటిపళ్ళు కొనుక్కుని.

ములాఖత్ దగ్గర మధ్యలో ఇనుప వల. అటువైపు స్టీఫెన్. చిక్కాడు, గడ్డం పెంచాడు, కళ్ళ కింద నలుపు. ఆమెని చూడగానే, "పెద్దమ్మా" అని వలకి నుదురు ఆనించాడు. ఆ ఒక్క పిలుపుకే ఈవిడ సగం కరిగిపోయింది. వాడు పున్నమ్మ పేరెత్తి ఏడ్చాడు. ఆవిడ పెట్టిన పప్పుచారు తలుచుకుని ఏడ్చాడు. యోగిత కాళ్ళ మీద పడతానన్నాడు. దీవెనని ఒక్కసారి ఎత్తుకుని చచ్చిపోయినా చాలన్నాడు. "నాకోసం ప్రార్థన చెయ్యవా పెద్దమ్మా?"

చెయ్యదా మరి? వలలోంచి రెండు వేళ్ళు దూర్చి వాడి నుదుటి మీద పెట్టింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. ప్రార్థన మొదలుపెట్టింది. అటువైపు నుంచి వెక్కిళ్ళు వినబడుతున్నాయి, గుండె పగిలిపోయే వెక్కిళ్ళు. మారాడు, నా బిడ్డ మారాడు, గ్లోరీకి చెప్పేయొచ్చు, అనుకుంది. ఎందరి నుదుళ్ళ మీద చేతులేసిందో. ఏడ్చే మనిషి తల ఎలా అదురుతుందో ఆ వేళ్ళకి తెలుసు. ఈ నుదురు అదరడం లేదు. చల్లగా, నిలకడగా ఉంది. వెక్కిళ్ళు మాత్రం వస్తూనే ఉన్నాయి.

ప్రార్థన మధ్యలో విజయరాణి కళ్ళు తెరిచింది.

వాడు ఆమెనే చూస్తున్నాడు. రెప్పలు వాల్చకుండా చూస్తున్నాడు. నోట్లోంచి ఏడుపు వస్తోంది, కళ్ళల్లో ఏమీ లేదు. కోపం లేదు, బాధ లేదు, కనీసం దొంగ బెరుకు కూడా లేదు. బస్సు ఎప్పుడు కదులుతుందా అని కిటికీలోంచి చూసేవాళ్ళ చూపు. ఇన్నేళ్ళూ తను కళ్ళు మూసుకున్న ప్రతిసారీ వాడు ఇలాగే చూస్తూ కూర్చున్నాడని ఆమెకి ఒక్కసారిగా తెలిసొచ్చింది. ఆమెన్ అనకుండానే ప్రార్థన ఆపేసింది.

వాడు దొరికిపోయానని కంగారుపడనైనా పడలేదు. వెక్కిళ్ళు ఆపేశాడు, పంపు కట్టేసినట్టు. "అయిపోయిందా పెద్దమ్మా?" అన్నాడు మామూలుగా. తర్వాత కొంచెం ముందుకి వంగి, అదే తేనె గొంతుతో, "చాలా చిక్కిపోయావు. బీపీ మాత్రలు వేసుకుంటున్నావా?" అన్నాడు.

"వేసుకుంటున్నాను నాన్నా."

"అన్నం మానెయ్యకు. గ్లోరీ మనింట్లోనే ఉందా, వాళ్ళమ్మగారింటికి పోయిందా?"

"మనింట్లోనే ఉంది."

"పాప?"

"ఆగిరిపల్లిలోనే, వేరే స్కూల్లో వేశాం. కాన్వెంటు ఆటో వస్తుంది, పొద్దున్నే."

టైమ్ అయిందని వార్డరు పిలిచాడు. స్టీఫెన్ అరటిపళ్ళు తీసుకుని, ఒకటి ఒలుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

విజయరాణి బస్సెక్కి కూర్చుంది. టికెట్ ఎక్కడికమ్మా అని కండక్టరు అడుగుతుంటే పక్కావిడ తట్టి చెప్పాల్సి వచ్చింది. మామిడి తోటలు పోతున్నాయి, కొత్త చిగురు వేస్తున్నాయి, ఈవిడకి ఏమీ కనబడటం లేదు. ఆ చూపు చూసి హడలిపోయింది, నిజమే. కానీ అంతకంటే హడలగొట్టింది వేరే. ఆ చూపు చూసిన తర్వాత, అంతా తెలిసిన తర్వాత, మాత్రలు వేసుకుంటున్నావా అని వాడు అడిగితే తన ప్రాణానికి హాయిగా అనిపించింది. అనిపించి, అడిగిందానికల్లా జవాబు చెప్పింది. పిల్ల ఏ బడికి పోతుందో, ఎప్పుడు పోతుందో, తన నోటితోనే చెప్పి వచ్చింది. ఎవరూ కత్తి పెట్టి అడగలేదు. నాన్నా అని పిలిచి మరీ చెప్పింది. ఛీ, ఏం మనిషిని నేను, అని సీట్లో కూర్చునే తన చెంప తనే వాయించుకుంది. పక్కావిడ ఉలిక్కిపడి కాస్త దూరం జరిగింది.

ఇంటికొచ్చేసరికి గ్లోరీ గుమ్మంలోనే ఉంది. దీవెన వసారాలో రంగులేసుకుంటోంది.

"చూశారా అత్తయ్యా? మారాడా?"

"సర్దుకో" అంది విజయరాణి, చెప్పులైనా విప్పకుండా. "పిల్ల బట్టలూ, నీ బట్టలూ, సర్టిఫికెట్లూ. ఇవాళే. రేపటిదాకా వద్దు."

గ్లోరీ లోపలికి వెళ్ళి బీరువా తెరిచింది. కాసేపటికి చీర మడతపెడుతూ, "అయితే మా మేనత్త వాళ్ళు..." అని మొదలుపెట్టింది.

విజయరాణి గబుక్కున వచ్చి ఆ పిల్ల నోటికి తన చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్పకు. ఎక్కడికెళ్తున్నావో నాకు చెప్పకు. ఫోన్ కూడా చెయ్యకు. రేపో మాపో బెయిలు మీద వాడు వస్తాడు. వస్తే అన్నం పెడతాను, పెట్టకుండా ఉండలేను. తిని, కాళ్ళ దగ్గర కూర్చుని, పెద్దమ్మా, గ్లోరీ ఎక్కడుంది అని అడుగుతాడు. వాడు అడిగితే చెప్పేస్తానే. ఇవాళే చెప్పేశాను. నా నోరు నా మాట వినడం లేదు."

"అత్తయ్యా..."

"తెలియదురా అని చెప్పాలి నేను. అబద్ధమాడటం నాకు చేతకాదు, నా ముఖం చూస్తే వాడికి తెలిసిపోతుంది. అందుకని అది నిజమే అవ్వాలి."

గ్లోరీ ఆమె మెడ చుట్టూ చేతులేసి ఏడ్చింది. విజయరాణి ఏడవలేదు. ఆ పిల్ల వీపు అదురుతుంటే చేత్తో నిమురుతూ నిలబడింది. నువ్వు కూడా రా నానమ్మా అని దీవెన చెయ్యి పట్టుకు లాగింది. నాకు సంఘంలో పనుందమ్మా అని చెప్పింది. అదొక్కటే ఆమె చెప్పగలిగిన అబద్ధం.

ఆటో వచ్చింది. సామాను ఎక్కించారు. డ్రైవరు ఎక్కడికమ్మా అని అడగబోతుంటే, రోడ్డెక్కాక చెబుతుందిలే పోనియ్ అంది విజయరాణి. సందు చివర ఎడమకి తిరిగితే నూజివీడు, కుడికి తిరిగితే బెజవాడ. దీవెన చెయ్యి ఊపుతుంటే ఈవిడా ఊపింది. ఆటో సందు చివరికి చేరేలోపే పెరట్లోకి వెళ్ళిపోయి, ఇంజను చప్పుడు ఎటు పోతోందో చెవిన పడకుండా పంపు పూర్తిగా తిప్పేసి, ఖాళీ బకెట్టు దాని కింద పెట్టింది.